మసకమెట్ట బంగ్లాలో మందాకిని గొంతు

ఐసెలిన్‌లో ఓక్‌ట్రీ రోడ్డు మీద ఒక చీరల కొట్టుంది. దాని మేడ మీద ఒక ఇరుకు గది. ప్రతి శనివారం పొద్దున పదకొండింటికి ఆ గదిలో మంచు దిగుతుంది, నక్కలు కూస్తాయి, తాళం వేసిన పడమటి గదిలో ఎవరో పచార్లు చేస్తారు. కింద కొట్టులో పెళ్ళిచీరల బేరాలు మాత్రం మామూలుగానే సాగుతుంటాయి. ఒకసారి పెళ్ళికూతురి తల్లి ఎవరో పైనుంచి వినిపించిన కేకకి హడలిపోయి, నచ్చిన చీర నచ్చినట్టే వదిలేసి వెళ్ళిపోయిందట. కొట్టు యజమాని మెట్లెక్కి వచ్చి, "మీ దెయ్యాల్ని కాస్త నెమ్మదిగా ఏడవమనండి సార్, సీజన్ టైము" అని బతిమాలి వెళ్ళాడు.

ఆ గది ఒక తెలుగు ఇంటర్నెట్ రేడియోది. ఆ దెయ్యాలు 'మసకమెట్ట బంగ్లా' అనే సీరియల్‌వి. పదహారేళ్ళుగా నడుస్తోందంటే మీరు నమ్మాలి మరి. ఇందులో ఎవరికీ జీతం లేదు. ఉద్యోగాలు చేసుకునేవాళ్ళు, రిటైరైనవాళ్ళు శనివారం పూట వచ్చి, కాగితాలు పట్టుకుని, మైకు ముందు నిలబడి బతుకుతారు, చస్తారు, చచ్చాక కూడా మాట్లాడతారు.

కథ తూర్పు కనుమల్లో, కాఫీ తోటల మధ్య ఉన్న ఒక పాత బంగ్లాది. దాని యజమాని విజయభూపతి. అతనికి శాపం ఉంది. వయసు పెరగదు, అద్దంలో కనపడడు, చావు రాదు. ఆ బంగ్లాలో ఇల్లు చూసుకునే మనిషిగా మందాకిని చేరింది. చేరింది పనికోసం కాదు, పగకోసం. తన అక్క చావుకి భూపతే కారణమని నమ్మి, అతని మీద పనిచేసే ఒకే ఒక్క విషాన్ని సంపాదించుకుని, రోజూ తాను పోసే కాఫీలో కలపాలని వచ్చింది. మొదటి వారమే కలిపేసి ఉంటే సీరియల్ అక్కడితో అయిపోయేది. కలపలేదు. రెండోవారం కూడా కలపలేదు. అలా కలపకుండానే పదహారేళ్ళు గడిచాయి. మధ్యలో ఎక్కడో అక్క చావుకి భూపతి కారణం కాదని మందాకినికి తెలిసింది. ఇంకెక్కడో అతనంటే ఆమెకి ప్రేమ కలిగింది. తాను ఎందుకు వచ్చిందో మాత్రం అతనికి ఇంతవరకూ చెప్పలేదు.

ఆ మందాకిని గొంతు గిరిజది. ఈ కథ గిరిజది.

గిరిజ తెనాలి మనిషి. ధర్మారావుని పెళ్ళి చేసుకుని ఎనభైలలో సముద్రాలు దాటి, ఐసెలిన్ పక్కనే ఉన్న ఎడిసన్ వచ్చింది. ఆయన మందుల కంపెనీలో కెమిస్టు. ఆమె ఆస్పత్రి ల్యాబులో చేరి, రిటైరయ్యేదాకా అక్కడే పనిచేసింది. సగం పని మైక్రోస్కోపు దగ్గర, సగం పని ఫోను దగ్గర. రక్తపరీక్షలో ఏదైనా ప్రమాదంగా కనిపిస్తే వెంటనే డాక్టరుకి ఫోన్ చేసి చదివి వినిపించాలి. గిరిజ చదివితే అవతలివాళ్ళు మళ్ళీ చెప్పమని అడిగే పని ఉండేది కాదు. ఇంగ్లీషులో తెనాలి తొంగిచూసేది కానీ, ఒక్కో అక్షరం కడిగి ఆరేసినట్టు వినపడేది. "ఆ గొంతు ఎవరిది?" అని అడుగుతూ ఒక పెద్ద డాక్టరు పనిగట్టుకుని ల్యాబుకి వచ్చి చూసి వెళ్ళాడని ధర్మారావు పార్టీల్లో చెప్పుకుని మురిసిపోయేవాడు. గిరిజ అక్కణ్ణుంచి వంటింట్లోకి తప్పుకునేది. లోపల మాత్రం తనకీ మురిపెంగానే ఉండేది.

సీరియల్ మొదలుపెట్టింది గోపీనాథ్. ఉద్యోగమంతా వంతెనలు కట్టిన ఇంజనీరు. చిన్నప్పుడు రాజమండ్రిలో దెయ్యాల నవలలు దుప్పటి ముసుగులో చదివినందుకు తండ్రి చేతిలో తిన్న దెబ్బలకి రిటైరయ్యాక ఇలా కసి తీర్చుకున్నాడు. మొదటి ఏళ్ళు ఆయనే రాశాడు, భూపతి వేషం ఇప్పటికీ ఆయనదే. తెలుగు సంఘం సభలో గిరిజ వందన సమర్పణ చదువుతుంటే విని, స్టేజీ దిగకముందే మందాకినిని చేసేశాడు.

ఈ సీరియల్‌కి ఒక పద్ధతి ఉంది. అంతా లైవ్. ముందు రికార్డు చేయడం, తప్పు వస్తే కత్తిరించడం లేవు. మొదటి ఏడాదిలోనే ఒకాయన కంగారులో, మూడు వారాల కిందట చచ్చిపోయిన కాపలావాణ్ణి "ఏరా, గేటు వేశావా?" అని పిలిచేశాడు. పక్కనున్న ఇంకొకాయన అంతకన్నా కంగారుపడి "వేశానయ్యగారూ" అనేశాడు. వినేవాళ్ళ ఫోన్లు మోగిపోయాయి. పొరపాటని చెప్పేద్దామని అందరూ అన్నారు. గోపీనాథ్ ఒప్పుకోలేదు. "గాలిలోకి వెళ్ళిన మాట వెళ్ళినట్టే. ఇంక వెనక్కి రాదు. కథే దాని దగ్గరికి నడిచి వెళ్ళాలి" అన్నాడు. మసకమెట్ట బంగ్లాకి మొదటి దెయ్యం అలా దొరికింది. అప్పటినుంచి అదే చట్టం. మైకులో ఎవరి నోట ఏది వస్తే అది నిజం. దాన్ని నమ్మేలా చేసుకోవడం రాసేవాళ్ళ ఖర్మ.

ఆ ఖర్మ గోపీనాథ్ నుంచి స్పందనకి వచ్చింది. స్పందనది నిజామాబాద్. ఎం.ఎస్. చదవడానికి వచ్చి, ఒంటరిగా ఉన్న రోజుల్లో ఈ సీరియల్ విని, ఒక పొరపాటు పట్టుకుని ఫోన్ చేసింది. పట్టుకున్నందుకు శిక్షగా కలం ఆమె చేతికి వచ్చింది. ప్రిన్స్‌టన్‌లో ఉద్యోగం, పొద్దస్తమానం కంప్యూటరు, వారాంతం దెయ్యాలు. దెయ్యాలు బాగానే రాసేది. ప్రేమ దగ్గరే చిక్కు వచ్చింది. మందాకినికీ భూపతికీ ప్రేమ పుట్టించాలని పాపం ఆ పిల్ల వెన్నెల రాసింది, వాన రాసింది, పాము కాటు కూడా రాసింది. వినేవాళ్ళు ఫోన్ చేసి మరీ పెదవి విరిచారు. "విషం కలపడానికి వచ్చిన మనిషి వెన్నెల చూసి మనసు మార్చుకుంటుందా? మాకేమైనా చెవిలో పువ్వు కనపడుతోందా?" అని క్లీవ్‌లాండ్ నుంచి ఒకాయన నిలదీశాడు. స్పందన ఆ వారం మంచినీళ్ళు కూడా సరిగ్గా తాగలేదు.

అప్పుడే ధర్మారావు పోయాడు. గుండెపోటు. గిరిజ నెల తిరగకుండానే స్టూడియోకి వచ్చేసింది. అందరూ ఆశ్చర్యపోయారు, కొందరు చెవులు కొరుక్కున్నారు. ఇంట్లో ఉండలేక వచ్చిందని గోపీనాథ్ భార్య జానకీదేవికి ఒక్కదానికే తెలుసు.

ఆ శనివారం మామూలు సన్నివేశం. మందాకిని కాఫీ తెచ్చి బల్ల మీద పెట్టాలి, భూపతి కిటికీలోంచి పొగమంచు చూస్తూ ఏదో గంభీరంగా అనాలి. గిరిజ కాఫీ పెట్టింది. కాగితంలో ఉన్న మాట వదిలేసి, "ముందా కళ్ళజోడు తుడుచుకోండి. ఆ మరకల్లోంచి ఏం కనపడుతుంది మీకు? ఇలా ఇవ్వండి" అంది.

భూపతికి కళ్ళజోడు లేదు. శాపగ్రస్తుడికి చత్వారమేమిటి? కళ్ళజోడు ధర్మారావుది. ముప్ఫై ఏళ్ళకి పైగా ప్రతి పొద్దునా కాఫీతోపాటు గిరిజ అన్న మాట అది. గిరిజకి ఆ సంగతి అన్నాక తెలిసింది. గోపీనాథ్ వైపు చూసింది. గోపీనాథ్ స్క్రిప్టు దాటి పొల్లు కూడా పలకని మనిషి. ఆయన తన సొంత కళ్ళజోడు తీసి ఆమె చేతికిచ్చాడు. గిరిజ కొంగుతో తుడిచింది. ఆ తుడిచిన కాసేపూ రేడియోలో మాటలు లేవు, గుడ్డ రాపిడి చప్పుడు తప్ప.

ఆ రోజు వచ్చిన ఫోన్లన్నిటిదీ ఒకటే మాట. మందాకినికి ఆయనంటే ఇష్టం కలిగింది. ఎప్పుడు కలిగిందని ఎవరూ అడగలేదు. ఎప్పటినుంచో ఉన్నట్టుందనీ, తామే గమనించలేదనీ అనుకున్నారు. క్లీవ్‌లాండ్ ఆయన కూడా నోరెత్తలేదు. స్పందన ఇంటికెళ్ళి వెన్నెల పేజీలన్నీ డిలీట్ చేసింది. ఆ తరువాత ఆమె ప్రేమ అనే మాట మందాకిని నోట పెట్టలేదు. కాఫీ చల్లారిపోతోందని, శాలువా కప్పుకోమని, నిన్నటి కోపం ఇంకా పోలేదా అని మాత్రమే రాసింది. ఏ సన్నివేశానికైనా ముందు గిరిజకి ఫోన్ చేసి, "ఆంటీ, మీరైతే ఏమంటరు ఇక్కడ?" అని అడిగేది. గిరిజ చెప్పేది. మంటలో ఉన్న కత్తి లాంటి మందాకిని అలా ఏళ్ళ తరబడి మెత్తబడింది, అయినా నోటి దురుసు వదల్లేదు. అదీ గిరిజదే.

గిరిజ ఇంటికి వస్తే అలాంటి మాట అనడానికి మనిషి లేడు. బంగ్లాలో ఉన్నాడు. వారానికొక పూట తనకా అవకాశం ఉన్నందుకు ఆ ఇరుకు గదికి, గోపీనాథ్‌కి, పొద్దున్నే రేడియో పెట్టుకునే ముక్కూమొహం తెలియని జనానికి ఆమె మనసులోనే దండం పెట్టుకునేది. పైకి మాత్రం "ఏదో కాలక్షేపం" అనేది.

ఈ ఏడాది చలికాలంలో గిరిజకి థైరాయిడ్ గడ్డకి ఆపరేషన్ అయింది. గడ్డ మంచిదే, భయం లేదన్నారు. కానీ అది గొంతు నరాన్ని అంటుకుని ఉంది. ఎంత జాగ్రత్తగా తీసినా నరం దెబ్బతింది. ఇలా జరగవచ్చని ముందే చెప్పారు, సంతకమూ పెట్టింది. ఎవరినీ అనడానికి లేదు. కొన్ని నెలల్లో గొంతు మళ్ళీ రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు డాక్టరు. మిగిలింది గాలి ఎక్కువ, శబ్దం తక్కువగా ఉన్న ఒక బొంగురు గొంతు. మందుల షాపుకి ఫోన్ చేస్తే అవతలి పిల్ల "యెస్ సర్" అంది. గిరిజ సరిదిద్దబోయింది. "సారీ సర్, కెన్ యూ రిపీట్ దట్?" అంది ఆ పిల్ల. డాక్టర్ల చేత ఒక్కసారి కూడా మళ్ళీ చెప్పమనిపించుకోని గిరిజ ఫోను పెట్టేసి సోఫాలో కూలబడింది.

ఆ రోజునుంచి ఫోను ఎత్తడం మానేసింది. హెర్న్‌డన్‌లో ఉన్న కూతురు స్మృతి ఫోన్ చేస్తే టెక్స్టులో జవాబిచ్చేది. కొట్లో వేలుపెట్టి చూపించేది. తెలిసినవాళ్ళు ఎదురైతే నవ్వేసి తప్పుకునేది. ఇంట్లో మాట్లాడేవాళ్ళు ఎటూ లేరు. అలా చూస్తుండగా రెండు నెలలు గడిచిపోయాయి.

సీరియల్‌లో మందాకినిని అక్క తద్దినం వంకతో ఊరికి పంపించి కథ నడిపారు. ఇంక లాగడానికి వీల్లేకపోయింది. మందాకిని తిరిగివచ్చి, తాను వచ్చిన పని ఏమిటో భూపతికి చెప్పే సన్నివేశం దగ్గర పడింది. పదహారేళ్ళుగా జనం ఎదురుచూస్తున్న సన్నివేశం. స్పందన గిరిజ ఇంటికొచ్చి కూర్చుంది.

"హంసికకి ఇచ్చేయమ్మా," అంది గిరిజ. హంసిక ఆ బృందంలో కొత్తగా చేరిన అమ్మాయి, పెళ్ళికాని దెయ్యం వేషం వేస్తుంది. "ఆ పిల్ల గొంతు తేనె. నాదిప్పుడు బూరెల మూకుడు గోకినట్టుంది."

"అట్లనకండి ఆంటీ. నేను మీ లైన్స్ షార్ట్ చేస్తా. మైక్ దగ్గరికి జరుపుకుంటే మీ విస్పర్ కూడా మంచిగ క్యాచ్ చేస్తది, నేను టెస్ట్ చేసిన."

"జాలి చూపించకు."

"జాలి కాదు ఆంటీ, భయం. మన రూల్ మీకు తెల్వదా? ఒక్కసారి హంసిక వాయిస్ ఆన్ ఎయిర్ పోయిందంటే ఇగ మందాకిని వాయిస్ అదే. మళ్ల మీకియ్యలేను. ఎవ్వరు ఇయ్యలేరు."

గిరిజకి అది అప్పటిదాకా తట్టలేదు. ఇప్పుడు తట్టింది. అయినా తలాడించి, "అదే మంచిది" అంది. స్పందన కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. వెళ్తూ వెళ్తూ, శనివారం హంసికని పక్కన కూర్చోబెడతాననీ, గిరిజ వస్తే గిరిజ, రాకపోతే హంసిక అనీ చెప్పింది.

శుక్రవారం మధ్యాహ్నం జానకీదేవి గిన్నెలో గోంగూర పప్పుతో వచ్చింది. ఆవిడకి బెల్లు కొట్టే అలవాటు లేదు, తలుపు బాదుతుంది. కంచం పెట్టి, వడ్డించి, ఎదురుగా కూర్చుని మొదలుపెట్టింది.

"గిరిజా, పదహారేళ్ళుగా మా ఆయన శనివారం పొద్దున గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సెంటు కొట్టుకుని వెళ్తాడు. ఎక్కడికి? రేడియోకి! ఎవరు చూస్తారే ఆ చొక్కాని?"

గిరిజకి నవ్వొచ్చింది. నవ్వితే గొంతు ఈల వేసినట్టయింది, చప్పున ఆపేసింది.

"నవ్వు, నవ్వు. నేనొక్కనాడైనా ఏమన్నా అన్నానా? ఎందుకనలేదు? అవతల ఉన్నది నువ్వు కాబట్టి. ఆ భూపతి నాతో ఎప్పుడూ అలా మాట్లాడలేదనుకో, అది వేరే సంగతి. ఇప్పుడు ఆ హంసికని తెచ్చి నా నెత్తిన పెడతానంటావేంటి?"

"ఆ పిల్ల బాగా చేస్తుంది జానకీ."

"చేస్తుంది. కానీ పదహారేళ్ళు ఆ మనిషికి కాఫీ పోసింది ఆ పిల్ల కాదు. నీ గొంతు పాడైంది, నిజమే, నేను బాగుందని అబద్ధం చెప్పను. పాడైనదానితోనే నాతో ఇప్పుడు మాట్లాడలేదూ? నాకు అర్థం కాలేదూ?" జానకీదేవి లేచి గిన్నె కడిగి పెట్టింది. "రేపు పదింటికి కారేసుకుని వస్తాను. కదలకపోతే చెయ్యి పట్టుకుని ఈడ్చుకెళ్తాను."

ఈడ్చాల్సిన పని రాలేదు. గిరిజ చీర కట్టుకుని గుమ్మంలోనే నిలబడి ఉంది. మొహం మాత్రం ఆపరేషన్ థియేటర్‌కి వెళ్తున్నట్టుంది.

జానకీదేవి ఆమెని స్టూడియో దగ్గర దింపి ఇంటికెళ్ళిపోయింది. స్పందన మైకు ఆమె నోటి దగ్గరికి జరిపి, అద్దం గోడకి అవతల తన బల్ల దగ్గరికి వెళ్ళింది. హంసిక పక్కన కాగితాలు పట్టుకుని కూర్చుంది. గొంతు ఆగిపోతే హంసిక అందుకోవాలని ఒప్పందం. గోపీనాథ్ ఇస్త్రీ చొక్కాలో ఎదురుగా నిలబడ్డాడు. మంచుగాలి చప్పుడు వేశారు. ఎర్ర లైటు వెలిగింది.

స్పందన రాసిన ప్రకారం మందాకిని నిజం చెప్పేస్తుంది, భూపతి నిర్ఘాంతపోయి "వెళ్ళిపో" అంటాడు, ఆమె మంచులోకి నడిచి వెళ్ళిపోతుంది. గిరిజ మొదటి మాట అంది. "వచ్చాను." గాలిలాగే వచ్చింది, కానీ వచ్చింది. రెండో మాట చీలింది. మూడో మాటకి పెదవులు కదిలాయి, శబ్దం లేదు. మళ్ళీ ప్రయత్నించింది. ఏమీ లేదు. గిరిజ కళ్ళు మూసుకుని, హంసిక వైపు తల ఊపింది.

హంసిక మైకు వైపు వంగింది. గోపీనాథ్ ఆమెకి అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"మందాకినీ," అన్నాడు, స్క్రిప్టులో లేని మాట, "నీ గొంతుకేమైంది?"

అద్దానికి అవతల ఉన్న స్పందన తల పట్టుకుంది. మాట గాలిలోకి వెళ్ళిపోయింది. ఇంక మందాకినికి గొంతు పోయినట్టే, కథలో అదే నిజం. హంసిక తేనె గొంతుతో జవాబు చెప్పే దారి మూసుకుపోయింది. చెబితే గిరిజే చెప్పాలి, లేకపోతే రేడియోలో మంచు కురుస్తూనే ఉండాలి.

గిరిజకి ముందు ఒళ్ళు మండింది. దాచుకున్నదాన్ని నలుగురిలో లాగి చూపించినట్టనిపించింది. గోపీనాథ్‌ని కొరకొర చూసింది. ఆయన చూపు తిప్పుకోలేదు. ఆ మొహంలో జాలి లేదు. భూపతి కూడా లేడు. కాఫీ కోసం ఎదురుచూసే మనిషిలాగ, జవాబు వచ్చేదాకా ఇక్కడే ఉంటాను అన్నట్టు నిలబడ్డాడు. ఆ కోపంలోనే గిరిజకి ఊపిరి అందింది.

"విషం తాగాను," అంది.

స్పందన చేతిలో పెన్ను కింద పడింది.

"మీకోసం తెచ్చిందే," గిరిజ ఒక్కో మాటకీ ఆగి, గాలి కూడదీసుకుని అంటోంది. "మిమ్మల్ని చంపుదామనే ఈ గుమ్మం తొక్కాను. చంపలేకపోయాను. పారబోద్దామంటే, తోటలో పోస్తే చెట్లు చస్తాయి. వాగులో పోస్తే ఊరు చస్తుంది. పోనీ దాచి ఉంచుదామంటే... ఏదో ఒకరోజు మీ మీద కోపం రాకపోదుగా! వచ్చిన రోజున ఈ చెయ్యి ఆగుతుందో ఆగదో, నా సంగతి నాకు తెలుసు. అందుకే నేనే తాగేశాను. పాతదైపోయినట్టుంది. గొంతు తీసుకుని నన్ను వదిలేసింది."

కింద కొట్టులో ఎవరో బ్లౌజు పీసు ధర అడగడం కూడా వినపడింది. గోపీనాథ్ చేతిలో కాగితం ఉంది. అందులో "వెళ్ళిపో" అని ఉంది. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు.

"ఏం తెలుసు?"

"కాఫీ సంగతి. నువ్వొచ్చిన మొదటి రోజునుంచీ తెలుసు."

గిరిజ నిజంగానే అదిరిపోయింది. "తెలిసీ తాగారా?"

"రోజూ తాగాను. నువ్వు ఇవాళ కూడా కలపలేదని తెలుసుకోవడానికి నాకు అంతకన్నా దారి లేదు."

గిరిజకి ఏడుపొచ్చింది. మందాకినికి వచ్చిందా, గిరిజకి వచ్చిందా అని వేరు చేసి చూడటం ఆమె వల్ల కాలేదు. పదహారేళ్ళ కాఫీలన్నీ ఒక్కసారిగా మారిపోయాయి. అతను కిటికీ వైపు తిరిగి గంభీరంగా ఏదో అన్న ప్రతిసారీ, ఆ గుక్క మింగాక అన్నాడన్నమాట. ఆ మాటలన్నీ ఆమె విన్నవే, ఎదురు చెప్పినవే. రాసినవాళ్ళకి తెలియదు, చెప్పినవాళ్ళకి తెలియదు, అయినా అదే నిజమనిపించింది. ఎవరో గాలిలో వేసిన ఒక్క మాట కోసం ఇన్నేళ్ళ కథ దానంతటదే నడిచి వచ్చి నిలబడింది. ఇంతమంది తనని ఇన్నేళ్ళు మోశారా అనుకుంది. ధర్మారావు పోయాక తనని నిలబెట్టింది తన గొంతే అనుకుంటూ వచ్చింది. తన గొంతు ఎప్పుడూ ఒంటరిగా లేదు. అవతల వినేవాడు ఒకడు ప్రతిసారీ ఉన్నాడు. ఆ వినడం ఏ ఆపరేషన్‌లోనూ పోలేదు.

"చల్లారిపోతుంది," అంది చివరికి, ఆ బొంగురు గొంతుతోనే. "తాగండి."

మంచుగాలి పెరిగింది, టైటిల్ సంగీతం వచ్చింది, ఎర్ర లైటు ఆరింది. హంసిక భోరుమని ఏడుస్తోంది. స్పందన తలుపు తోసుకుని వచ్చి గిరిజని వాటేసుకుంది. "ఆంటీ, నన్ను చంపేసిండ్రు మీరిద్దరు. పదహారేండ్ల ఎపిసోడ్స్ మళ్ల వినాలె నేను ఇప్పుడు" అంది, నవ్వుతూ, ఏడుస్తూ.

గిరిజ గోపీనాథ్ వైపు తిరిగింది. "స్క్రిప్టులో లేనిది ఎందుకడిగారండీ?"

"మీరెప్పుడూ నాకు మాట అందించకుండా వదిలెయ్యలేదు కదండీ. ఇవాళ అందలేదు, అడిగాను." ఆయన కళ్ళు తుడుచుకుని ఇబ్బందిగా నవ్వాడు. "ఇంటికెళ్తే జానకి ఏమంటుందో."

"గోపీనాథ్‌గారూ, మీకు నేను చాలా రుణపడి ఉన్నాను," అంది గిరిజ. ఇన్నేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. అన్నాక ఒళ్ళు తేలికైంది.

ఎపిసోడ్ అయ్యాక వినేవాళ్ళ ఫోన్లు తీసుకోవడం అక్కడి ఆనవాయితీ. ఆ పూట లైన్లన్నీ ఒకేసారి వెలిగాయి. రెండు నెలలుగా గిరిజ తరఫున స్పందనే మాట్లాడుతోంది. అలవాటుగా ఫోను తీసి స్పీకరు మీద పెట్టింది. "మందాకినిగారు ఉన్నారా?" అని ఒక పెద్దాయన గొంతు. డెట్రాయిట్ దగ్గరినుంచట. స్పందన గిరిజ వైపు చూసింది. అందరూ చూశారు.

గిరిజ ముందుకు వంగింది.

"ఉన్నానండీ."

"అయ్యో, నిజంగానే పోయిందామ్మా గొంతు? కథలో కాదూ?"

"నిజంగానే పోయిందండీ. ఆపరేషన్ అయింది."

"మళ్ళీ వస్తుందా?"

"చెప్పలేమన్నారు. ఇలాగే ఉండిపోవచ్చు."

"అలాగా," అన్నాడాయన, ఏదో ఆలోచించినట్టు. "ఏం లేదులేమ్మా. వచ్చే శనివారం మేమే వాల్యూమ్ కాస్త పెంచుకుంటాం."

గిరిజ థాంక్సండీ అంది, ఆయనకి వినపడిందో లేదోనని మళ్ళీ ఒకసారి అంది. తరువాతి ఫోను తనే తీసుకుంది.